గొర్రు మళ్ళింది, నేను మళ్ళలేదు

మొన్న గుడి చేలో జొన్న ఇత్తనం ఎద పెట్టేటప్పుడు నా చీర కొంగు తీసుకెళ్ళి గొర్రుకి ముడేశారు. అవునమ్మా, మీరు విన్నది నిజమే. దారి తప్పే దూడకి పలుపు వేసినట్టు వేశారు. ఊరు ఊరంతా గట్టు మీద వరసగా నిలబడి చూసింది. నేను నోరెత్తకుండా ఆ చివర నుంచి ఈ చివరకి నడిచా. నేను! ఇత్తనం పోయటంలో నాకొకరు చెప్పేదేందని తలెత్తుకు తిరిగే శౌరమ్మని!

నవ్వండి. కాకపోతే ముందు టీ మింగి నవ్వండి, పొలమారుద్ది. జరిగింది జరిగినట్టు నేనే చెప్తా. ఆరోగ్యమ్మ నోట వింటే అందులో సగం దానికి నచ్చినట్టు ఉంటది.

ఆరోగ్యమ్మ అంటే నా తోటికోడలు. మా మరిది పెళ్ళాం. దాని సంగతి తరవాత. ముందు నా చెయ్యి సంగతి చెప్పాలి.

మన మెట్ట చేలల్లో జొన్న ఎద పెట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ఎడ్ల ముందు తాళ్ళు పట్టుకుని నడవాలి. ఎడ్ల వెనక గొర్రు. గొర్రుకి మూడు పళ్ళు, ఆ పళ్ళ మీద వెదురు గొట్టాలు, గొట్టాల నెత్తిన జడ్డిగం. జడ్డిగం అంటే ఏం లేదు, అడుగున బెజ్జాలున్న కొయ్య గిన్నె. రెండో మనిషి ఒడి నిండా ఇత్తనాలు పోసుకుని గొర్రు వెనకే నడుస్తా, గుప్పెట్లోంచి ఆ గిన్నెలోకి వదలాలి. అంతే. చెప్పటానికి అంతే! గుప్పెడు బిగిస్తే సాలు బోడి. వదిలేస్తే మొక్క మీద మొక్క. ఒక బెజ్జంలోకి ఎక్కువ పోయి పక్క దాంట్లోకి తక్కువ పోయిందనుకోండి, ఒక సాలు తిరణాల, పక్క సాలు వల్లకాడు. పైగా ఆ తప్పు ఆ పూట కనపడదు. మట్టి కింద దాక్కుని ఉంటది. నాలుగు రోజులు పోయాక మొలకలు లేచి ఊరందరికీ చెప్తయ్.

నా సాళ్ళు చూసినోళ్ళు "పుట్టుకతో వచ్చిన చెయ్యి" అంటారు. నేను కాదనను. కానీ పుట్టుకతో నాకు వచ్చింది మా అమ్మ ముక్కు ఒక్కటే. చెయ్యి మా అత్త ఇచ్చింది.

కాపరానికి వచ్చిన కొత్తలో ఆమె నా చేతిలో ఇత్తనం పెట్టలా. ఇసక పెట్టింది. పశువుల కొట్టం వెనక, నాపరాళ్ళ గోడ నీడన నేల అలికి, "దీని మీద గీత పొయ్యవే" అనింది. పోశా. పాము పాక్కుంటా పోయినట్టు వచ్చింది. ఆమె పాదంతో చెరిపేసి, "మళ్ళీ" అనింది. మళ్ళీ పోశా. చెరిపేసింది. "మళ్ళీ." ఎన్ని వేసంగులో ఆ నీడన ఆమె నోట ఆ ఒక్క మాటే విన్నా. వేళ్ళ సందులు ఒరుసుకుపోయి అన్నంలో పచ్చడి కలుపుకుంటే మంట. ఏడుస్తా తిన్నా. ఆమె చూసి, ఇంకొంచెం పచ్చడేసింది.

ఒక తొలకరి ముందు పోసిన గీత చూసి ఆమె కాలెత్తింది. ఎత్తిన కాలు అట్టాగే కాసేపు ఉంచి, పక్కన పెట్టుకుంది. చెరపలా. ఆమె మెచ్చుకోవటం అంటే అదే. నేను ఆ పూట కొట్టం లోపలికి పోయి గేదె మెడ పట్టుకుని నవ్వుకున్నా.

ఇంకోటి కూడా నేర్పింది. "పళ్ళు బిగించి పొయ్యబాక. నువ్వు బిగుసుకుంటే ఎడ్లూ బిగుసుకుంటయ్. జపమాల చెప్పుకుంటా షికారు పోతన్నట్టు నడువు. చూసేవాళ్ళకి నువ్వు పని చేస్తన్నావో, గాలికి తిరుగుతన్నావో తెలియకూడదు." మా ఇంట్లో ఎద పెట్టే ఆడమనిషి నోట్లో జపమాల నడవాలి, అది మా ఆనవాయితీ. జపానికి తగ్గట్టు అడుగు, అడుగుకి తగ్గట్టు గుప్పెడు. పూస జారినట్టు గింజ జారాలి.

ఇప్పటికీ రోహిణి ఎండల్లో, ఊరంతా అన్నాలు తిని కునుకు తీస్తంటే, నేను కొట్టం వెనక్కి పోతా. ఇసకతో గీతలు పోసుకుంటా. బాగున్నా సరే, నా కాలితో నేనే చెరిపేస్తా. ఈ సంగతి పురుక్కి కూడా తెలియదు, మా ఇంటాయనక్కూడా తెలియదు అనుకున్నా ఇన్నాళ్ళూ. తొలకరికి చేలో జడ్డిగం పట్టుకుని అలవోకగా నడుస్తంటే ఊళ్ళో వాళ్ళు, "నీకేందమ్మా శౌరమ్మా, నిద్దట్లో కూడా పోస్తావు" అనేవాళ్ళు. నవ్వి ఊరుకునేదాన్ని.

నిద్దట్లో కూడా! ఆ మాట కాస్త పక్కన పెట్టుకోండి, పనికొస్తది.

ఇక ఆరోగ్యమ్మ. అత్త పోయాక వేరు పడ్డప్పుడు కొట్టం గోడకి అటు వాళ్ళు, ఇటు మేము అయ్యాం. ఇంట్లో సామాను కూడా పంచారు. ఒక పక్క అత్త ఇత్తడి బిందె. ఇంకో పక్క అత్త జడ్డిగం, తుమ్మ మొద్దు తొలిచి చేసింది, ఆమె అరచేతి జిడ్డు తాగి నల్లగా మెరుస్తా ఉంది. ఆరోగ్యమ్మ బిందె మీద చెయ్యేసి, "ఆ కొయ్య ముక్క నువ్వు తీసుకో అక్కా, నాకెందుకది" అనింది.

కొయ్య ముక్క!

దానికి అప్పుడు చంకలో పిల్ల. ఆ పిల్లకి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. నేను మర్చిపోలా. ఆ రోజే అందరి ముందూ అన్నా: "నీ చేలో కాలు పెడితే నా పేరు శౌరమ్మే కాదు." పెట్టలా. మా చేను ఆగిన చోట వాళ్ళ చేను మొదలవుద్ది. మధ్యన గట్టు, గట్టు చివర మా మరిది దుర్గి పోయి చెక్కించుకొచ్చిన హద్దురాయి. దానికి పువ్వు కూడా చెక్కించాడు, హద్దురాయికి పువ్వేందో! ఆ గట్టుని అటు నుంచి వాళ్ళు, ఇటు నుంచి మేము, ఏటా దున్నేటప్పుడు కాస్త కాస్త గీక్కుంటా వచ్చాం. ఎవరూ ఎవర్నీ అడగలా. ఇప్పుడది పడుకున్న పిల్లి వీపంత ఉంది. అది గట్టులాగా ఉండి ఉంటే నాకీ పాట్లు వచ్చేవి కాదు. ఆ సంగతి ముందు వస్తది.

మా ఊళ్ళో మరియ మాత గుడికి ఒక చెక్క చేను ఉంది. దాని పంట పండగ ఖర్చుకి. అందరి చేలల్లో ఎద అయ్యాక ఊరు కలిసి అక్కడ ఎద పెడతది. ఆ చేలో జడ్డిగం పట్టుకోవటం అంటే మామూలు సంగతి కాదు. అత్త పట్టుకుంది. ఆమె తరవాత నేను పట్టుకుంటన్నా. నా తరవాత ఎవరో నాకు అక్కర్లేదు. అవతల కృష్ణ మీద డ్యామ్ కడతన్నారు, కాలవలొస్తయ్యంట, మెట్టంతా మాగాణి అవుద్దంట. అప్పుడు వరి నాట్లే. జడ్డిగం అటకెక్కుద్ది. ఎక్కనీ. ఎక్కే లోపు మాత్రం అది నా చేతిలోంచి జారకూడదు. నాకున్న ఆశ అదొక్కటే, ఇంకేం లేదు.

అట్టాంటిది ఈ వేసంగిలో, ఒక ఆదివారం పూజ అయ్యాక, గుడి పంచలో, గుడి వ్యవహారాలు చూసే మా ఇన్నాసి ఉపదేశి ముందు ఆరోగ్యమ్మ ఏమనిందో తెలుసా?

"ఉపదేశి గారూ, మా అక్కకి చూపు తగ్గింది. మొన్న పూజలో పక్కన కూర్చుంటే నన్నే గుర్తుపట్టలా."

గుర్తుపట్టకపోవటం ఏంది! మొహం తిప్పుకున్నా! రెండూ ఒకటేనా?

"గుడి చేలో ఈ ఏడు జడ్డిగం నేను పడతా. పెద్దామెకి శ్రమెందుకు? అయినా అందులో ఏముంది, గుప్పెడు తెరిస్తే గింజ పడద్ది!"

నా వొంట్లో రగతం అంతా చెవుల్లోకి వచ్చింది. ఉపదేశి మెత్తటి మనిషి, చీమని కూడా పక్కకి జరగమని బతిమాలతాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. "గొడవెందుకు? తొలకరికి ఎవరి చేలో వాళ్ళు ఎద పెట్టండి. మొలకలు రానీండి. నేనొచ్చి చూస్తా. ఎవరి సాళ్ళు బాగుంటే వాళ్ళే గుడి చేలో పట్టుకుందురు. ఏమంటావు వదినా?"

నాకు పరీక్షా! "కళ్ళెందుకే దానికి?" అని అరిచా. "కళ్ళు మూసుకుని పోస్తా, చూసుకో!"

అరిచింది గుడి పంచలో. లోపల మాత వినే ఉంటది.

వానొచ్చే ముందు మా ఊరికి ఒక గుర్తుంది. నడికుడి రైలు కూత మామూలు రోజుల్లో మాకు వినపడదు. గాలి తిరిగి తేమ పట్టాకే వినపడద్ది, పక్క వీధిలో ఎవరో ఎవర్నో పిలిచినట్టు. ఒక సాయంత్రం ఆ కూత వినపడింది. తెల్లారేసరికి నల్లరేగడి తడిసి, ఊరంతా మట్టి వాసన. రెండు పొద్దులు ఆరనిచ్చి, మూడో పొద్దున మా చేలో గొర్రు దించాం.

మా ఇంటాయన గురించి ఒక మాట. మంచోడు. ఎడ్ల ముందు నడుస్తా కూనిరాగం తీస్తా ఉంటాడు, అది ఏ పాటో ఆయనకే తెలియదు. ఆయనకి నేను పెట్టిన షరతు ఒకటుంది. వెనక్కి తిరిగి చూడకూడదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి తిరిగి, "పల్చగా పడతన్నయ్యేమోనే" అన్నాడు. "నీ ఎడ్లు నువ్వు చూసుకో, నా చెయ్యి నేను చూసుకుంటా. ఇంకోసారి తిరిగావంటే జడ్డిగం నీ నెత్తిన బోర్లిస్తా" అన్నా. అప్పటి నుంచి ఆయన తిరగలా. చేను చివర ఎడ్లని మళ్ళించేటప్పుడు కూడా వాటి మొహాలు చూస్తాడే గానీ నా మొహం చూడడు.

ఆ పొద్దున ఎట్టా ఉందో చెప్పలేను. ఎండ ఉంది, కానీ కాలటం లేదు. మబ్బు ఉంది, కానీ నీడ పడటం లేదు. గాలి చల్లగా వచ్చి చెవి వెనక ఊదిపోతంది. ఎడ్ల మెడల్లో గంటలు ఒకటి ముందు, ఒకటి వెనక. గొట్టాల్లో గింజలు సర్రు సర్రుమని దిగుతన్నయ్, ఇంటి చూరు మీద సన్న వాన పడ్డట్టు. కాళ్ళ కింద మట్టి మెత్తగా, ఇప్పుడే దించిన సంకటి ముద్దలాగా. నోట్లో జపం. "మరియమ్మా వందనం" అంటే ఒక అడుగు. గుప్పెట్లో గింజ గింజగా జారతంది. నా వేళ్ళు అవి నావి కానట్టు వాటంతటవే కదులుతన్నయ్.

నాలుగైదు సార్లు అటూ ఇటూ తిరిగాక నాకొక బుద్ధి పుట్టింది. కళ్ళు మూసుకుని పోస్తానన్నా గదా. నిజంగా పోయగలనా? ఆరోగ్యమ్మ చుట్టుపక్కల లేదు. ఎవరి కోసమూ కాదు, ఊరికే నా కోసం. మూశా.

అబ్బ! ఎంత బాగుందో! కళ్ళు మూస్తే గింజల చప్పుడు పెద్దదయింది. చేను పెద్దదయింది. రెప్పల మీద ఎండ ఎర్రగా. జపం నోట్లోంచి లోపలికి దిగిపోయింది. ఇంతలో అత్త కనపడింది. కొట్టం వెనక కాదు, చేలోనే, నా ముందు. నా వైపు మొహం పెట్టి వెనక్కి వెనక్కి నడుస్తంది. ఆమె అడుగు తీసిన చోటల్లా ఇసక గీత ఒకటి తళతళమంటా నా ముందు పరుచుకుంటంది. నేను దాని మీదే గింజ వదులుతన్నా. గింజలు పడుతుంటే జపమాల పూసల్లాగా ఒకదాన్ని ఒకటి ముట్టుకుని మెరుస్తన్నయ్. ఆమె కాలెత్తుతంది, చెరపటం లేదు. "రావే" అంటంది. జన్మలో ఆమె నన్ను "మళ్ళీ" అనిందే గానీ "రావే" అనలా. నేను పోతన్నా. ఆ చేనుకి అంతు లేదు. ఎక్కడా గట్టు లేదు.

పల్లేరుకాయ గుచ్చుకుంది.

"అమ్మా!" అని కళ్ళు తెరిచా. ముందు ఎడ్లు లేవు. గొర్రు లేదు. జడ్డిగం లేదు. నా చెయ్యి మాత్రం గాల్లో గింజలు వదులుతానే ఉంది. తల తిప్పి చూస్తే దూరంగా మా ఇంటాయన వీపు, ఎడ్ల వీపులు, రాగం తీసుకుంటా అవతల చివరకి పోతన్నయ్. గొర్రు వెనక మనిషి లేదు.

మరి నేనెక్కడ?

పక్కన పువ్వు చెక్కిన హద్దురాయి. అది నాకు వెనకాల ఉంది! నేను ఆరోగ్యమ్మ చేలో నడిమధ్యన ఉన్నా! ఆముదాలకని దున్ని వదిలేసిన ముక్క అది. గట్టు కాడ గొర్రు మళ్ళింది, నేను మళ్ళలా. ఆ పిల్లి వీపు నా కాలికి తగిలిందో లేదో కూడా తెలియదు. వాళ్ళ దుక్కి సాలు ఒకదాంట్లో కాళ్ళు పెట్టుకుని, పట్టాల మీద రైలు పోయినట్టు పోయా. సాలు పొడుగునా గింజలు, దారానికి గుచ్చినట్టు.

వంగి ఏరుదామనుకున్నా. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద మాచర్ల బస్సు. కిటికీల నిండా తలకాయలు, అన్నీ ఇటే. ఒట్టు వేసిన మనిషి తోటికోడలి చేలో వంగి ఏం ఏరుకుంటందని రేపు ఊళ్ళో అనుకోరూ? నడుం మీద చేతులు పెట్టుకుని, మబ్బు చూడటానికే ఇంత దూరం వచ్చినట్టు నిలబడ్డా. బస్సు పోయింది. గొర్రు ఇంకా అవతల చివరకి చేరలా. కుంటుకుంటా పరిగెత్తి, అక్కడ అది మళ్ళే లోపు దాని వెనక చేరా.

గట్టు కాడ ఎడ్లు ఆగినప్పుడు ఆయన నా ఒడి చూశాడు. "అదేందే, ఇత్తనాలు అప్పుడే తరిగినయ్?"

"నువ్వు వెనక్కి చూశావా?"

"లేదు, లేదు."

"మరి నడువు."

గొర్రు ఒట్టిగా పోయిన ఆ మూడు సాళ్ళు బోడిగా ఉంటయ్యని నాకు తెలుసు. మళ్ళీ ఒకసారి తోలమంటే సరిపోను. ఎందుకని అడుగుతాడు. ఏం చెప్పను? నిద్దరపోయానని నా నోటితో నేను చెప్పనా? మాయిటేల, పొద్దుగూకాక ఎవరూ లేనప్పుడు వచ్చి చేత్తో పోసుకుంటాలే, అటు వాళ్ళ చేలోవి కూడా ఏరేస్తాలే అనుకున్నా.

మాయిటేల కాకముందే వాన. ఎట్టాంటి వాన! నల్లరేగడి తడిస్తే అందులో దిగిన కాలు అక్కడే ఉండిపోద్ది. పంచలో కూర్చుని చినుకులు చూస్తా, "మాతా, పిచ్చుకలకి ఆకలెయ్యనీ. ఆరోగ్యమ్మ చేలోకి పంపు" అని మొక్కుకున్నా. ఇంకో పిచ్చి కోరిక కూడా లోపల ఉంది, చెప్తే నవ్వుతారు. ఆ గింజలు మొలిస్తే ఎట్టా ఉంటయ్యో ఒకసారి చూడాలని.

మొలిచినయ్. ఒక్క గింజ పోలా.

ఉపదేశి వచ్చాడు. ఆయన వెనక పనున్న వాళ్ళూ లేని వాళ్ళూ వచ్చారు. మా చేను ముందు. అందరూ బాగుంది, బాగుంది అంటా నడుస్తన్నారు. నడిచి నడిచి ఒక చోట ఆగారు. పచ్చటి చేను మధ్యన, ఈ చివర నుంచి ఆ చివరకి, దువ్వెనతో పాపిడి తీసినట్టు నల్లటి దారి.

"ఇదేంది వదినా?"

"ఎలకలు."

"మూడు సాళ్ళు ఈ చివర నుంచి ఆ చివరకి తిని, పక్క సాలు ముట్టుకోలేదా?"

మా ఇంటాయన తల గోక్కుని, నన్ను కాపాడదామని కాబోలు, "మా చేలో ఎలకలు పద్ధతి గలవి ఉపదేశి గారూ" అన్నాడు.

తరవాత ఆరోగ్యమ్మ చేను. దాని సాళ్ళ గురించి నేను మాట్లాడను. తిరణాల, వల్లకాడు అని చెప్పానుగా, అదీ. నా బోడి సాళ్ళకీ దాని సాళ్ళకీ ఏది మెరుగో తేల్చలేక ఉపదేశి అవస్థ పడతంటే, ఎవరో "అటు చూడండి!" అన్నారు.

ఆముదాల ముక్కలో ఒకే ఒక్క సాలు. గట్టు కాడ మొదలై, చేను మధ్యలో ఠక్కున ఆగిపోయింది. జొన్న మొలకలు. తొణకలా, బెణకలా. ఉపదేశి వంగి మొలకకీ మొలకకీ మధ్య జాన పెట్టి చూశాడు. ముందుకి జరిగి మళ్ళీ పెట్టాడు. ఇంకా ముందుకి జరిగి మళ్ళీ పెట్టాడు. లేచి, టోపీ తీసినట్టు నెత్తి మీద తువ్వాలు తీశాడు.

"ఇట్టాంటి సాలు నా జన్మలో చూడలా. గొర్రు గుర్తులు కూడా లేవు. ఉత్త చేత్తో పోశారు. ఎవరు పోశారు?"

నేను హద్దురాయి మీద పువ్వు చూస్తన్నా.

"ఇంకెవరు?" అనింది ఆరోగ్యమ్మ. "నా చేలో నేను కాక ఎవరు పోస్తారు? ఊరికే, చెయ్యి సాధకం చేసుకుందామని పోసి చూశా."

"అయితే తేల్చేదేముంది? గొర్రు లేకుండానే ఇట్టా పోసిన చెయ్యి... గుడి చేలో ఈ ఏడు జడ్డిగం ఆరోగ్యమ్మ..."

నాలో ఇద్దరు మనుషులు కొట్టుకున్నారు. ఒకామె, నోరు మూసుకో, ఒట్టు పోద్ది, పరువు పోద్ది అంటంది. ఇంకొకామె ఏం అనటం లేదు. ఆ సాలు వంక చూస్తంది. అంత నున్నటి సాలు మెలకువలో నేనెప్పుడూ పోయలా. అత్త చూసి ఉంటే ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచేది. దాన్ని ఆరోగ్యమ్మ తనదంటందా? గుప్పెడు తెరిస్తే గింజ పడద్దన్న మనిషి!

"అది నా సాలు!" అని అరిచా.

అందరూ తిరిగారు.

"నీ సాలు నా చేలోకి ఎట్టా వచ్చిందక్కా?" అనింది ఆరోగ్యమ్మ, మెల్లగా, బెల్లం చప్పరించినట్టు. "నా చేలో కాలు పెడితే నీ పేరు శౌరమ్మ కాదన్నావుగా?"

"కాదు! ఇయ్యాల్టి నుంచి నాకు నీ ఇష్టమొచ్చిన పేరు పెట్టుకో! సాలు మాత్రం నాది! నిద్దట్లో పోశా!"

ఎవరూ నమ్మలా.

"ఆ చివర పల్లేరు తీగ ఉంటది, చూడండి! అది గుచ్చుకునే లేచా! లేకపోతే ఇంకా పోయేదాన్ని!"

ఉపదేశి పోయి చూశాడు. సాలు ఆగిన చోట పల్లేరు తీగ, పసుపు పువ్వుతో సహా. ఇంక మొదలైంది నవ్వు. ఒకాయన గట్టు మీద కూలబడ్డాడు. మా ఇంటాయన మాత్రం నవ్వకుండా వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంటన్నాడు. "అయితే ఆ మూడు సాళ్ళు ఎలకలు కాదన్నమాట."

"నువ్వెందుకు వెనక్కి చూడలా?" అని ఆయన మీద ఎగిరా. "పెళ్ళాం లేకుండా గొర్రు తోలుకుంటా పోతావా?"

"నువ్వేగా చూడొద్దన్నావు!"

ఆరోగ్యమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "మొలిచిన నాడే నాకు తెలుసక్కా. నీ నోటితో చెప్పించాలనే నాదన్నా. ఆ చెయ్యి నాకు తెలియదా? ఎన్ని వేసంగులుగా చూస్తన్నా, గోడ ఇవతల నుంచి. ఇసకతో పోసుకుంటావు, చెరుపుకుంటావు. నేనూ మా కొట్టంలో పోసుకుంటా. చెరిపే పని కూడా ఉండదు, అది గీతలాగే రాదు."

చూశారా! ఇన్నేళ్ళూ గోడ మీద నుంచి తొంగి చూసిందంట! కొయ్య ముక్క అన్నదానికి ఒక కోపం ఉండనే ఉంది. ఇది వేరే. దీన్ని కూడా గుర్తుపెట్టుకున్నా.

ఉపదేశి తీర్పు చెప్పాడు. "నిద్దట్లో ఇంత చక్కగా పోసిన మనిషిని కాదని ఇంకొకరికి ఇస్తే మాత ఒప్పుకోదు. గుడి చేలో జడ్డిగం శౌరమ్మ వదినకే. కాకపోతే గుడి చేను చివర గట్టు కూడా లేదు, నేరుగా రోడ్డే. ఈమె జపం చెప్పుకుంటా గురజాల దాకా పోతే వెతుక్కునేదెవరు? కొంగు గొర్రుకి కట్టండి."

ముడి ఎవరేశారనుకున్నారు? ఆరోగ్యమ్మే. రెండు ముళ్ళు వేసింది, లాగి కూడా చూసింది.

నడిచా. కళ్ళు పత్తికాయల్లాగా తెరుచుకుని నడిచా. గాలి వచ్చి చెవి వెనక ఊదింది. గొట్టాల్లో గింజల చప్పుడు. రెప్పలు వాలబోయినయ్, కొంగు లాగింది. గుడి చేను బాగానే మొలిచింది, అందరూ బాగుందన్నారు. నాకు మాత్రం తెలుసు. ఆ సాలంత నున్నగా లేదు.

అది ఇంకా అక్కడే ఉంది. ఆరోగ్యమ్మ చుట్టూ ఆముదాలు పెట్టుకుంది గానీ దాన్ని పీకలా. "నీదన్నావుగా అక్కా, కలుపు కూడా నువ్వే తీసుకో" అనింది. తియ్యకపోతే నా సాలు పాడవుద్ది. అందుకని ఇప్పుడు నాలుగు రోజులకోసారి ఆ పిల్లి వీపు దాటి పోతన్నా. అది గట్టు మీద కూర్చుని, "అక్కా, మెలకువగానే ఉన్నావా?" అని అడుగుతా ఉంటది.

పేరు కూడా పెట్టింది. "గొర్రక్క" అంట. ఊరంతా అదే అంటన్నారు. మా ఇంటాయన కూడా అంటన్నాడు, కాకపోతే వెనక్కి తిరగకుండా.